పాత యంత్రము - ఉపనిధి ధర్మము

ఒకడు తన సొమ్మును పెట్టెలో పెట్టి, ముద్రవేసి, అందేమున్నదో చెప్పక, "దీనిని మీయొద్ద నుంచుడు" అని మరియొకని చేతికిచ్చి పోవుట పూర్వకాలమున వాడుకలోనున్న వ్యవహారము. దూరదేశమునకు పోవువాడును, దొంగలకు వెరచువాడును, దాయాదులను నమ్మనివాడును ఇట్లు చేయుచుండిరి. ఇట్టి పెట్టెకు యాజ్ఞవల్క్యస్మృతి "ఉపనిధి" యని పేరుపెట్టినది. ఉంచుకొన్నవాడు దానిని తన యవసరమునకు వాడుకొనరాదు. అడిగినప్పుడు ఉన్నదున్నట్లుగా నొప్పగింపవలెను. మనువు 18 వ్యవహారపదములను లెక్కించుచు, ఋణాదానము తరువాత రెండవదానిగా నిక్షేపమునే చెప్పెను. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను 13వ శతాబ్దమున కేతన తెనిగించెను గావున ఈ ధర్మము తెలుగువారికి క్రొత్తది కాదు.

ఈ పాతమాట నిప్పుడెత్తుటకు కారణము మాయింటిలోని యొక పాత లాప్‌టాపు. దాని పనితీరును క్రొత్తచేయుటయెట్లు, దానిలోని కాగితములను కాపాడుటయెట్లు అను ప్రశ్న మాకు మొదట నొక మరమ్మతు విషయముగా కనబడినది. అది ధర్మవిషయమని మేము తెలిసికొనుటకు పరులొకరు నష్టపడవలసివచ్చెను. ఆ సంగతిని దాచక చెప్పుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మాది అనంతపురము జిల్లాలోని విడపనకల్లు ప్రాంతము. దేశమున అత్యల్ప వర్షపాతముగల జిల్లాలలో మాది యొకటి. వాన రానియేడు శనగపంట పోవును. వచ్చి నిలువనియేడు వేరుసెనగ పోవును. పంట పోయినపిమ్మట మిగులునవి కాగితములు. పంటల బీమాకొక యర్జీ, బ్యాంకు అప్పు గడువు పెంచుటకొక యర్జీ, వితంతు పింఛనున కొకటి, పిల్లవాని ఉపకారవేతనమున కొకటి. ఇవి వ్రాయించుకొనుటకు జనులు బడిపంతులయొద్దకు వత్తురు. మాసీమలో "అయివారు" అని పిలుచు పిలుపులోనే ఈ పనియు చేరియున్నది. 2014లో మేము లాప్‌టాపు కొన్నది మొదలు ఈ యర్జీలన్నియు అందులోనే వ్రాయుచుంటిమి. కొన్నాళ్లకు దానిలో పట్టాదారు పాసుపుస్తకముల నకళ్లు, ఆధారు కార్డుల ఛాయాచిత్రములు, బ్యాంకు ఖాతాల యంకెలు, వైద్యుల చీటీలు, బెంగుళూరికి కూలికి పోయిన కొడుకులకు తల్లులు చెప్పి వ్రాయించిన జాబులు పోగుపడినవి. మా సొంత ఫైళ్లు వానిలో పదవవంతును లేవు. ఐనను మేము దానిని "మా లాప్‌టా"పనియే చెప్పుకొనుచుంటిమి.

అందొక కాగితముండెను. ఒక తండ్రియు, అత్తవారింటినుండి వచ్చిన యతని కూతురును ఒక సాయంకాలము మాయింటికి వచ్చి, ఆ యింటిలో ఆమె పడిన బాధలను చెప్పి ఫిర్యాదు వ్రాయించుకొనిరి. వ్రాసినపిమ్మట తండ్రి, "ఇప్పుడే పంపొద్దయ్యా, పెద్దమనుషులు ఒకమాట మాట్లాడినాక చూస్తాము" అనెను. మేమట్లే దాచితిమి. ఆ కుటుంబము పేరును, ఊరును ఇచట చెప్పము. ఆనవాలు పట్టుటకు వీలైన వివరములను విడిచితిమి. చెప్పినచో ఆ యాడుబిడ్డకు రెండవసారి ద్రోహము చేసినవారమగుదుము.

కొంతకాలమునకు లాప్‌టాపు మిక్కిలి నెమ్మదించినది. తెరచుటకు పది నిముషములు, ఒక యర్జీ అచ్చువేయుటకు మరి పది నిముషములు పట్టుచుండెను. దగ్గరి పట్టణమున నొక దుకాణమున కిచ్చి, "సిస్టము క్రొత్తది వేసి, ఫైళ్లన్నియు పోకుండ చూడు"డని చెప్పి, పాస్‌వర్డును ఒక చీటీమీద వ్రాసియిచ్చి వచ్చితిమి. నాలుగు దినములకు యంత్రము చురుకై తిరిగివచ్చెను. ఒక్క ఫైలును పోలేదు. మేము సంతోషించితిమి. మరి మూడు వారములకు ఆ తండ్రి మా గుమ్మములో నిలిచి, లోనికి రాకయే, "అయివారూ, ఆ కాగితం మీకాడనే కదా ఉండేది? మా పాప మాట వాళ్లకెట్ల తెలిసె?" అని యడిగెను. ఫిర్యాదులోని వాక్యములను అత్తవారు పెద్దమనుషులయెదుట అక్షరముపోకుండ చదివిరట. మాటలు మొదలుకాకమునుపే తెగిపోయినవట.

మేము మొదట చెప్పుకొన్న సమాధానము, తప్పు దుకాణమువారిదని. సిస్టము మార్చునప్పుడు ఫైళ్లను తమ కంప్యూటరులోనికి ఎక్కించుకొని, పని ముగిసిన పిమ్మట మరల దింపుట వారి పద్ధతి, ఎక్కించినదానిని తుడిచివేయుట మరచియుందురు, ఎవరో చూచియుందురు. ఈ సమాధానము రెండు దినములకంటె నిలువలేదు. మూటను మాకిచ్చినవారు మమ్ము చూచి యిచ్చిరి, దుకాణమును చూచి కాదు. మాకు నమ్మి యిచ్చినదానిని మేము వారి యనుమతి లేక మూడవవాని చేతిలో పెట్టితిమి, తాళముచెవినిగూడ ఇచ్చితిమి. ఇక తప్పు ఎవరిదని వెదకుట యేల?

మా మిత్రులొకరు మమ్మోదార్చుచు, "దాచవలసిన పని చేయనివానికి రహస్యమేల? ఈ కాలమున అందరి సంగతులు అందరికి తెలిసినవే" అనిరి. చదువుకొన్నవారి నోట ఈ మాట తరచుగా వినబడుచున్నది. ఇందు రెండు పొరపాట్లున్నవి. మొదటిది, రహస్యమును పాపముతో ముడివేయుట. ఆ యాడుబిడ్డ యే పాపము చేసినది? అప్పులో మునిగిన రైతు తన యప్పు మొత్తమును కూతురి పెండ్లిమాటలు ముగియువరకు బయట పెట్టకుండుట పాపమా? మనుష్యుడు తన బాధను ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు చెప్పవలెనో తానే నిర్ణయించుకొనుట వాని మర్యాదలో భాగము. రెండవ పొరపాటు ఇంతకంటె పెద్దది. "నాకు దాచవలసినదేమియు లేదు" అనువాడు తన పెట్టెలో తన సొమ్మే యున్నదనుకొనుచున్నాడు. మన ఫోనులో మన స్నేహితుల అంకెలున్నవి. మన ఛాయాచిత్రములలో పరుల పిల్లలున్నారు. మనకు వచ్చిన జాబులలో వ్రాసినవారి హృదయమున్నది. మన రహస్యమును మనము వీథిలో పారవేయుదుము గాక. పరుల రహస్యమును పారవేయుటకు మనకెవ్వరధికార మిచ్చిరి?

ఈ విషయమున దేశపు శాసనమును కొంత నడచినది. కర్ణాటక ఉన్నతన్యాయస్థానమున న్యాయమూర్తిగా నుండి విశ్రాంతి పొందిన కె. ఎస్. పుట్టస్వామిగారు 2012లో ఆధారు విషయమై వేసిన వ్యాజ్యమునుండి పుట్టిన ప్రశ్నపై, 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీముకోర్టు ధర్మాసనము, గోప్యత పౌరుని ప్రాథమికహక్కేయని ఏకగ్రీవముగా తీర్పుచెప్పెను. 2023లో పార్లమెంటు వ్యక్తుల డిజిటలు సమాచార రక్షణకై చట్టము చేసెను. ఇతరుల సమాచారమును ఏయుద్దేశముతో ఎట్లు వినియోగింపవలెనో నిర్ణయించువారికి ఆ చట్టము పెట్టిన పేరు "డేటా ఫిడ్యూషియరీ". ఫిడ్యూషియరీ యనగా నమ్మకముమీద పరుల సొత్తును చేపట్టినవాడు. ఇది మన న్యాసధారియే గదా! స్మృతులు బంగారమునకు చెప్పినదానిని నేటి చట్టము సమాచారమునకు చెప్పుచున్నది. అయితే, ఒక వ్యక్తి తన సొంత లేక గృహసంబంధమైన పనికై యుంచుకొన్నదానికి ఆ చట్టము వర్తింపదు. పొరుగువారి యర్జీని ఉచితముగా వ్రాసిపెట్టు పంతులు న్యాయస్థానములో నిలువవలసిన పనిలేదని కొందరు వాదింపవచ్చును. చట్టము మమ్ము విడిచినచోట ధర్మమే మమ్ము పట్టుకొనవలెను. లేనిచో ఆ తండ్రి ప్రశ్నకు మేము చెప్పగల యుత్తరము లేదు.

ఇక యంత్రమును క్రొత్తచేయు విషయము. "పని జరుగుచున్నంతకాలము పాతదైననేమి?" అని మేమును అనుకొన్నవారమే. మా యంత్రములో తరువాత వేసినది విండోస్ 10. 2015లో వెలువడిన యా సిస్టమునకు మైక్రోసాఫ్టువారు సాధారణమైన భద్రతా సవరణలను 2025 అక్టోబరు 14న నిలిపివేసిరి. గృహస్థులలో పేరు నమోదుచేసికొన్నవారికి మాత్రము మరియొక యేడు, అనగా 2026 అక్టోబరు 13 వరకు, గడువిచ్చిరి. సవరణ లాగిపోయిన యంత్రము ఆ మరునాడే ఆగిపోదు, నిన్నటివలెనే నడచును. చిక్కంతయు ఇందులోనే యున్నది. గోడకు కన్నము పడినను ఇల్లు నిలిచియుండును. యజమాని లోపల సుఖముగా నిద్రించును. కన్నమును దొంగ యొక్కడే యెరుగును.

2017 మే నెలలో "వన్నాక్రై" యను దుష్టమైన ప్రోగ్రాము లోకమంతట వ్యాపించి, కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళమువేసి, విడుదలకు సొమ్మడిగెను. ఇంగ్లండులో ఆసుపత్రుల పని నిలిచిపోయినది. ఆంధ్రప్రదేశములో పోలీసు శాఖవారి కొన్ని కంప్యూటర్లును దాని పాలబడినవి. అది చొరబడిన కన్నమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టువారు అంతకు రెండు మాసములు ముందుగా, ఆ మార్చి నెలలోనే, విడుదలచేసియుండిరి. వేసికొన్నవారు తప్పించుకొనిరి. రాజువలనగాని, దైవికముగాగాని, దొంగలవలనగాని ఉపనిధి పోయినచో ఉంచుకొన్నవాని నుండి రాబట్టరాదని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. మంచి మినహాయింపే. కాని తలుపు తెరచియుంచి నిద్రించినవాడు "దొంగలు కొనిపోయిరి" అని చెప్పినచో వినువాడెవ్వడు? డిస్కు ఒకనాటికి పాడగునని ముందే తెలిసియు రెండవ ప్రతి తీయనివాడు దానిని దైవికమని చెప్పుకొనవచ్చునా? ముందు తెలిసిన యాపద దైవముమీద మోపదగినది కాదు.

విండోస్ 11 మా యంత్రమున వేయుటకు వీలులేదు. ఇంటెలువారి ఎనిమిదవ తరమునకు ముందరి ప్రాసెసర్లను అది సాధారణముగా నంగీకరింపదు, టీపీఎం 2.0 అను భద్రతాభాగమును కావలెనని యడుగును. మావద్దనున్నది అంతకంటె పాతది. క్రొత్తది కొనుట తేలికమాటయేగాని, బడిపంతులకు తేలికపని కాదు. నడుచు యంత్రమును చెత్తలో వేయుటయు మాకు నచ్చలేదు. మాసీమలో బావి యెండినప్పుడు బుద్ధిమంతుడు క్రొత్త బోరుకు అప్పుచేయుటకు ముందు పాతబావి పూడికను తీసి చూచును. మేమును అట్లే చేసితిమి. తిరుగుడు డిస్కును తీసి, కదలు భాగములులేని ఎస్‌ఎస్‌డీని అమర్చితిమి. ర్యామును 4 జీబీనుండి 8 జీబీకి పెంచితిమి. 1991లో లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్సునుండి వచ్చిన ఉచితమైన సిస్టమును వేసితిమి. దాని పట్టికలను తెలుగులో చూచుకొనుటకును వీలున్నది. ఈమారు యంత్రమును ఎవ్వరి చేతికిని ఇయ్యలేదు. బడిలో చదివి పైచదువులకు పోయిన శిష్యుడొకడు మా వరండాలో కూర్చుండి, మేము చూచుచుండగా, మాచేతనే ప్రతిపనియు చేయించెను.

ఆనాడు మేము నేర్చినవానిలో మూడు సంగతులు గృహస్థులందరికి పనికివచ్చును. మొదటిది, తెరచునప్పుడడుగు పాస్‌వర్డు వాకిటి గొళ్లెమువంటిది. డిస్కును ఊడదీసి వేరొక యంత్రమునకు తగిలించినచో ఆ గొళ్లెముతో పనిలేక ఫైళ్లన్నియు కనబడును. డిస్కులోని యక్షరములనే గూఢలిపిలోనికి మార్చు ఎన్‌క్రిప్షను వేసినప్పుడుగదా అసలు తాళము పడినట్లు! లినక్సు వేయునప్పుడే దీనిని కోరుకొనవచ్చును; ఇతర సిస్టములలో వెరాక్రిప్టు వంటి యుచిత సాధనములు కలవు. రెండవది, తీసివేసిన ఫైలు వెంటనే పోదు. పుస్తకములో విషయసూచికనుండి ఒక పేరు కొట్టివేసినట్లే. లోపలి పుట, దానిమీద మరియొకటి వ్రాయబడువరకు, అట్లే యుండవచ్చును. కావున పాత డిస్కును అమ్మునప్పుడుగాని పారవేయునప్పుడుగాని దానినంతటిని తుడిచి, పైన మరల వ్రాయింపవలెను. మూడవది, మా పాత ఫైళ్లలో కొన్ని అను ఫాంట్లతో కొట్టినవి. క్రొత్త సిస్టములో అవి అర్థములేని గుర్తులై కనబడినవి. వానిని యూనికోడు లిపికి మార్చుకొనవలసివచ్చెను. చదువుటకు వీలులేని కాగితమును భద్రముగా దాచినను ఏమి లాభము?

ఈ మూడవ సంగతి ధర్మముయొక్క రెండవ పార్శ్వమును చూపుచున్నది. ఉపనిధిలో రెండు బాధ్యతలున్నవి: పరులకు చూపకుండుట, అడిగినప్పుడు తిరిగియిచ్చుట. తాళము లేక పది ప్రతులు తీసి పది చోట్ల నుంచినవాడు మొదటిదానిని తప్పుచున్నాడు. గట్టి తాళమువేసి తాళముచెవిని పోగొట్టుకొన్నవాడు రెండవదానిని తప్పుచున్నాడు. ఎన్‌క్రిప్షనుకు పెట్టిన మాట మరచినచో తయారుచేసినవాడును తెరువలేడు; పింఛనుకై యెదురుచూచు వితంతువుయొక్క కాగితము దానితో సమాధియగును. అందువలన మేము తాళమువేసిన రెండు ప్రతులు తీసి, ఒకటి ఇంటను, రెండవది మరియొకచోటను ఉంచితిమి. ఒక ప్రతినుండి ఫైళ్లను నిజముగా తిరిగి తెరచి చూచితిమి. తెరచి చూడని ప్రతి ప్రతియేకాదు. ఒకదానితో నొకటి సంబంధములేని కొన్ని తెలుగు మాటలను తాళపుమాటగా చేసి, కాగితముపై వ్రాసి, కవరులో పెట్టి అంటించి, మాయింటి యిల్లాలి ఇనుపపెట్టెలో నుంచితిమి.

ఇచట నొక గృహవిషయము చెప్పవలసియున్నది. తాళపుమాట భార్యచేతిలో నున్నప్పుడు భార్యనుండియే దాచుట యేమి యని కొందరడుగుదురు. మాయింటిలో యంత్రమొక్కటే, మనుష్యులు నలుగురు. ఇప్పుడు నలుగురికి నాలుగు ఖాతాలు కలవు. మా యిల్లాలి జాబులను మేము తెరువము. ఆమెయు ఊరివారి కాగితములను తెరువదు. ఆ కవరు మేము లేనప్పుడు పరులసొమ్ము పరులకు చేరుటకై యున్నది. దానియంటు నేటికిని చెదరలేదు. స్త్రీధనముపై భర్తకు అధికారము లేదని ఒప్పుకొన్న ధర్మశాస్త్రములను పొగడుచు, భార్య ఫోనును తీసి చదువుట తన హక్కనుకొను విద్యావంతుల నెరుగుదుము. పుట్టింటినుండి తెచ్చిన పెట్టె ఆమెదైనప్పుడు, పుట్టింటికి వ్రాయు జాబు ఆమెది కాదా? అరమరికలులేని ప్రేమయని దీనికి పేరుపెట్టుదురు. అడిగి చూచినది ప్రేమ. అడుగక చూచినది అధికారము. ఇంటిలో ఈ భేదమును నేర్వనివానికి ఊరివారి రహస్యముల విలువ యెట్లు తెలియును?

చివరకు మేము చేసినపని యన్నిటికంటె చిన్నది. కాని అన్నిటికంటె మొదట చేయవలసియుండినది. లాప్‌టాపులోని ఫైళ్లను పేరుపేరునా చూచి, పని ముగిసినవానిని వేరుచేసి, వారివారి యిండ్లకు పోయి, "మీ కాగితమిది, అచ్చు తెచ్చితిమి; మావద్ద తుడిచివేయుదుమా?" అని యడిగితిమి. కొందరు నవ్విరి. కొందరు తమ కాగితము ఇన్నేండ్లు మావద్ద నున్నదని అప్పుడే యెరిగిరి. పని తీరినపిమ్మటను పరుల సంగతులను పెట్టుకొనియుండుట లోభములో నొక విధమని మాకప్పుడు తోచెను. తుడిచినదాని నెవ్వరును దొంగిలింపలేరు.

ఆ తండ్రి యింటికిని పోయితిమి. తప్పు మాదేయని చెప్పితిమి. అతడు తిట్టలేదు, కూర్చుండుమనియు అనలేదు. అతని కూతురి కాపురము మామాటలతో చక్కబడునది కాదు, చక్కబడలేదు. దుకాణము మారినది, సిస్టము మారినది, తాళము గట్టిదైనది; బయటపడిన మాట మాత్రము మరల లోనికి రాలేదు. డబ్బు పోయినచో వడ్డీతో తిరిగియిచ్చుటకు స్మృతిలో విధి కలదు. రహస్యము పోయినచో దేనిని తిరిగియిత్తుము? కావుననే దీని విషయమున ముందుజాగ్రత్తయే ధర్మము. తరువాతి పశ్చాత్తాపము మన మనస్సునకు మాత్రమే యుపశమనము.

కొన్ని నెలలకు అతడే మరియొక కాగితముతో మాయింటికి వచ్చెను. ఈమారు లోనికి వచ్చి కూర్చుండెను. వ్రాసినపిమ్మట, మున్నెన్నడును ఎవ్వరును మమ్మడుగని ప్రశ్న యడిగెను: "అయివారూ, ఇది యాడ పెడతారు? దీనికి తాళముందా?" మేము లాప్‌టాపును అతనివైపు త్రిప్పి, తాళము వేయునదియు తీయునదియు అతడు చూచుచుండగా చేసి చూపితిమి. చదువరులు తమ పాత పెట్టెలను తెరచి, వానిలో తమది యెంత, పరులది యెంత యని యొకసారి లెక్కచూచుకొందురుగాక. ఆ ప్రశ్న తమ్మొకరు అడుగువరకు వేచియుండవలదని మా మనవి.